పేడఈగకు ఫస్టు ప్రైజు

జడ్జిగారు అద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని, ముక్కు తగులుతుందేమో అన్నంత దగ్గరగా ఫోటో మీదకు వంగాడు. హాల్లో కుర్చీల కిర్రుమోత ఆగిపోయింది. మెథడిస్టు చర్చి వెనక హాలు అది. గురువారం సాయంత్రాలు అక్కడ తడిసిన కోట్ల వాసన, పాత హీటరు వాసన కలిసి ఉంటాయి. కార్లైల్ నుంచి వచ్చిన ఈ జడ్జికి ఏ ఫోటో ఎవరిదో చెప్పరు. హార్త్‌వెయిట్ కెమెరా క్లబ్బు ఆనవాయితీ అది. ఫోటో స్టాండు మీద పెట్టి దాని పేరు చదువుతారు. తీసినవాళ్ళు మాత్రం తమకేమీ పట్టనట్టు పైకప్పు వంక చూస్తూ కూర్చోవాలి.

హెస్టర్ బ్రాక్‌బ్యాంక్‌కి పైకప్పు చూడటం చేతకాదు. ఊళ్ళో డ్రైవింగ్ పరీక్షలు పెట్టేది ఆవిడే. పక్క సీట్లో కూర్చుని, రెప్ప కొట్టకుండా మనిషిని చూడటం ఆవిడ ఉద్యోగం. జడ్జిని కూడా అలాగే చూస్తోంది.

ఫోటో పేరు ‘ఎండ కోసం’. గడ్డిపరక కొసన ఒక పేడఈగ. ఒంటినిండా పసుపుపచ్చని నూగు, నూగునిండా మంచుబొట్లు, రెక్కలు రెండూ పైకెత్తి ఉన్నాయి. అరచేయంత వెడల్పున అచ్చువేసిన ఆ మొహంలో కంటి గళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ఆవుపేడ మీద వాలే ఈగ ఇంత అందంగా ఉంటుందని ఆ హాల్లో ఎవరూ అనుకుని ఉండరు.

“ఇరవైకి ఇరవై వెయ్యాలి,” అన్నాడు జడ్జి. “ఈ బొట్టు చూడండి, ఇందులో పొలం తలకిందులుగా కనిపిస్తోంది. ఇవాళ నేను చూసినవాటిలో దీన్ని మించింది లేదు. కాని ఒక చిక్కుంది.” అద్దాలు కిందకు దించాడు. “ఈ ఈగ బతికి లేదనుకుంటున్నాను.”

హాలంతా గుసగుసలు.

“బతికున్న ఈగ రెక్కలు ఇలా నిలబెట్టి కూర్చోదండీ. చంపి నిలబెట్టయినా ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబారాక తీసైనా ఉండాలి. మార్కులు నేను వేస్తాను. ఉంచడం, తీసెయ్యడం మీ కమిటీ ఇష్టం.”

ఏటా ప్రకృతి ఫోటోల పోటీలో గెలిచినవాళ్ళకిచ్చే వెండి కప్పుని ప్రకృతి కప్పంటారు, దాని నియమాలు ఆ క్లబ్బులో చంటిపిల్లలకు కూడా తెలుసు. ప్రాణి బతికుండాలి. తన చోట తనుండాలి. మనిషి దాన్ని ముట్టుకోకూడదు, తిండి చూపించి రప్పించకూడదు. పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి, అవి కదల్లేని స్థితిలో ఫోటోలు తీసేవాళ్ళు లోకంలో ఉన్నారు. అలాంటివాళ్ళ గురించి క్లబ్బులో మాట్లాడుకునేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

అధ్యక్షుడు రోలండ్ స్కెల్టన్ లేచాడు. ఇళ్ళు కొనిపెట్టే, అమ్మిపెట్టే మనిషి. కారిపోయే ఇంటిని కూడా గాలి బాగా తగిలే ఇల్లని చెప్పగల గొంతు ఆయనది. ఎర్ర ఉడుత ఫోటో ఒకటి ఆయన కూడా పెట్టాడు, దానికి పంతొమ్మిది వచ్చాయి.

“ఇది ఎవరిదో చెబుతారా?” అన్నాడు.

హెస్టర్ లేచి నిలబడింది. “నాది. ఈగ బతికే ఉంది. నేను చంపలేదు, ఫ్రిజ్‌లో పెట్టలేదు, ముట్టుకోలేదు. పొద్దున చలికి అలా కూర్చుంది, నేను తీశాను.”

“ఏ లెన్స్‌తో తీశారండీ?”

“పాత ఫిల్ము కెమెరా లెన్స్. ఛారిటీ షాపులో బుట్టలో పడుంటే తెచ్చుకున్నా. తిరగేసి బిగించా.”

“తిరగేసి?”

“అవును. ముందు మూతి కెమెరాకి, వెనక మూతి ఈగకి. మధ్యలో చిన్న రింగొకటి. అది రెండు కేకుముక్కల ఖరీదుండదు.”

వెనక వరసలో ఎవరో పక్కున నవ్వారు. రోలండ్ నవ్వలేదు గాని తల పక్కకు వంచాడు. “హెస్టర్ గారూ, మీ మీద నాకు గౌరవం ఉంది. కాని పురుగుల్ని తీయడానికే కొన్న నా మాక్రో లెన్స్ డబ్బుకి ఓ పాత కారొస్తుంది. దాంతోనే నాకు ఈగ ఇంత పెద్దగా రాదు.”

“కారు మంచిదైతే పరీక్ష పాసవుతారా ఏంటి?” అంది హెస్టర్.

రోలండ్ కూతుర్ని ఆవిడ మూడుసార్లు ఫెయిల్ చేసిన సంగతి హాల్లో అందరికీ తెలుసు. ఆ మాటతో గుసగుసలు కూడా ఆగిపోయాయి. అనకుండా ఉండాల్సింది అని హెస్టర్‌కి అప్పుడే అనిపించింది, కాని అనేశాక చేసేదేముంది.

“వచ్చే గురువారం కమిటీ తీర్పు చెబుతుంది,” అన్నాడు రోలండ్. “అప్పటిదాకా కప్పు అలమారాలోనే ఉంటుంది.”

మర్నాడు పొద్దున్నే పరీక్షకు వచ్చిన కుర్రాడు పాల డెయిరీ దగ్గర మలుపు తిరుగుతూ పక్క అద్దం చూడలేదు. సైకిలు మీద వస్తున్న ముసలాయన చాకచక్యం వల్ల ఏమీ కాలేదు. కారు ఆపాక హెస్టర్ ఎప్పటిలాగే గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది. “ఇవాళ పాస్ కాలేదు బాబూ. అద్దం చూడలేదు. మిగతాదంతా బాగుంది.”

“ఎవరికీ దెబ్బ తగల్లేదు కదండీ.”

“నువ్వు చూడలేదు కదా, తగుల్తుందో లేదో నీకెలా తెలుసు?”

వాడు తల వంచుకుని పరీక్షల ఆఫీసు లోపలకు వెళ్ళాడు. వెనకే వెళ్ళిన హెస్టర్‌కి వెయిటింగ్ రూమ్‌లో వాడి తల్లి మాట వినిపించింది. వినిపించాలనే అంది. “ఈగల్ని ఫ్రిజ్‌లో కుక్కి కప్పులు కొట్టేసే మనిషి మనకి నీతులు చెబుతుందిరా నాన్నా. పద, ఇంటికి పోదాం.”

నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, హార్త్‌వెయిట్‌లో పొగ దానంతటదే వస్తుంది. ఒక్క రాత్రిలో ఫోటో కథ చర్చి హాలు నుంచి రొట్టెల కొట్టుకు, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేసింది. హెస్టర్ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కోపం కాదు. ఇది అవమానం. కప్పు పోతే పోయింది. కాని ఇకమీద తను ‘ఫెయిల్’ అన్న ప్రతిసారీ ఎదుటి మనిషి మనసులో ఆ ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుంది. ఆ మాటకు బరువు పోతే ఆవిడ దగ్గర ఇంకేముంది?

ఫోను తీసి రోలండ్‌కి చేసింది.

“ఆదివారం తెల్లవారేసరికి వాగవతల పచ్చిక దగ్గరికి రండి. మీ కెమెరా తెచ్చుకోండి. నా లెన్స్ మీ కెమెరాకే తగిలించి, మీ చేత్తోనే తీయిస్తాను. ఈగ కదులుతుందో లేదో మీ కళ్ళతోనే చూద్దురుగాని.”

“ఆదివారమా? అంత పొద్దున్నా?”

“ఎండెక్కితే ఈగలు మీకోసం కూర్చోవు.”

“సరే,” అన్నాడు రోలండ్. “వస్తాను. న్యాయంగానే అడిగారు.”

ఆదివారం అక్టోబరు పొగమంచు మోకాళ్ళదాకా ఉంది. కంచె అవతల ఆవులు లేవడానికి బద్ధకిస్తున్నాయి. రోలండ్ పెద్ద సంచీ వీపున వేసుకుని, మూడుకాళ్ళ స్టాండు చంకన పెట్టుకుని దిగాడు. హెస్టర్ చేతిలో కూరగాయల బుట్ట ఉంది. అందులోంచి ఒక్కొక్కటే తీసింది. ఎండుబఠాణీలు నింపి మూతి కుట్టిన సాక్సు. వెదురుపుల్లకు తీగతో కట్టిన బట్టల క్లిప్పు. చిప్స్ డబ్బా అడుగు కోసేసి, లోపల వెండికాగితం ఉన్నది ఉన్నట్టు ఉంచి, మూతికి కేకులు కాల్చే కాగితం అంటించిన గొట్టం.

“ఇది పిక్నిక్కా?” అన్నాడు రోలండ్.

“సాక్సు కెమెరా కింద. క్లిప్పు గడ్డిపరక ఊగకుండా. ఈగున్న చోటు కాదు, దాని కిందెక్కడో పట్టుకోవాలి. గొట్టం మీ ఫ్లాష్‌కి తొడుగుతాం, వెలుగు ఈగదాకా వెళ్తుంది, కాగితం దాన్ని మెత్తబరుస్తుంది.” ఆవిడ ఆయన కెమెరా తీసుకుని, లెన్స్ ఊడదీసి, రింగు బిగించి, తన పాత లెన్స్‌ను బోర్లా తిప్పి దానికి తగిలించింది. ఇద్దరి కెమెరాలూ ఒకే జాతివి కాబట్టి సరిపోయింది. “ఇది వెడల్పుగా చూసే లెన్స్. మామూలుగా పెడితే కొండ మొత్తాన్ని చిన్నది చేసి ఫిల్ము మీద కూర్చోబెడుతుంది. తిరగేస్తే ఆ పనే తలకిందులుగా చేస్తుంది. చిన్నదాన్ని పెద్దది చేస్తుంది. అంతే, ఇందులో మాయేం లేదు.”

“మరి అందరూ ఎందుకు చెయ్యరు?”

“కష్టం కాబట్టి. రింగు కొనలేనివాళ్ళు లెన్స్ చేత్తో పట్టుకుని ఆనించినా చాలు. అది కూడా లేదంటే మామూలు లెన్స్ ముందు మంచి భూతద్దం పెట్టుకోవచ్చు. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య ఖాళీ గొట్టాలు పెట్టేవాళ్ళున్నారు. అన్నిట్లోకీ చవకైనది ఓపిక, అదే ఎవరి దగ్గరా ఉండదు.”

ఆవుపేడకు రెండు బారల దూరంలో గడ్డిలో ఈగ కనిపించింది. మంచు కప్పుకుని, ఆకు మీద చదునుగా, రెక్కలు ముడుచుకుని కూర్చుంది. రోలండ్ తడి నేల మీద బోర్లా పడుకున్నాడు. ఖరీదైన ప్యాంటు గురించి ఒక్కసారి నిట్టూర్చాడు. కెమెరాను సాక్సు మీద ఆనించి కన్ను పెట్టాడు.

“ఏం కనబడట్లేదే. అంతా పొగమంచే.”

“దగ్గరికి వెళ్ళండి. ఇంకా. నాలుగు వేళ్ళ దూరం రావాలి.”

“ఫోకస్ తిప్పుతున్నా, ఏమీ మారట్లేదు.”

“తిప్పితే పెద్దగా మారదు. మీరే ముందుకూ వెనక్కూ ఊగాలి.”

“నేనా?”

“మీరే. ఊయల్లో పిల్లాడిలా కాదు. ప్రసంగం మధ్యలో కునికే మనిషిలా, కొంచెం కొంచెంగా.”

రోలండ్ ఊగాడు. కాసేపటికి ఆయన వీపు ఒక్కసారిగా కదలడం మానేసింది. “అమ్మ బాబోయ్,” అన్నాడు, చాలా మెల్లగా. ఆ అద్దంలో ఏం కనబడిందో హెస్టర్‌కి తెలుసు. మొదటిసారి తనకు కనబడ్డప్పుడు తను కూడా ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది.

“ఇప్పుడు లెన్స్ మీద ఆ రంధ్రం చిన్నది చేసే రింగుంది చూడండి, దాన్ని తిప్పండి. చీకటవుతుంది, భయపడకండి, గొట్టం ఉంది. అలా తిప్పకపోతే కన్ను వరకే స్పష్టంగా వస్తుంది, మూతి మసకబారుతుంది. ఊపిరి వదిలేశాక నొక్కండి.”

నొక్కాడు. మళ్ళీ ఊగాడు, మళ్ళీ నొక్కాడు. పది పడితే ఒకటి నిలిచింది. ఆ ఒకటి తెర మీద పెట్టుకుని చూస్తూ మోకాళ్ళ మీద లేచి కూర్చున్నాడు. మోచేతులు, పొట్ట, గడ్డం, అన్నీ బురద. వీధిలో ఇల్లు చూపించేటప్పుడు కనిపించే మనిషి కాదాయన ఇప్పుడు.

ఈలోగా గుట్ట మీంచి ఎండ దిగింది. వాళ్ళు చూస్తుండగానే ఆ ఈగ ముందుకాళ్ళతో కళ్ళు తుడుచుకుంది. పక్కకు జరిగింది. ఇంకాసేపటికి ఎగిరిపోయింది.

“బతికే ఉంది,” అన్నాడు రోలండ్. తర్వాత తడుముకుంటూ, “నేనే తొందరపడ్డాను. జడ్జి ఏదో అన్నాడని… మా అమ్మాయి విషయం కూడా కొంచెం మనసులో ఉండి ఉంటుంది. గురువారం నేనే అందరి ముందూ చెబుతాను. కప్పు మీదే.”

“మీ అమ్మాయి బాగానే నడుపుతుంది,” అంది హెస్టర్. “కూడలి దగ్గరే కంగారు.”

“వాళ్ళమ్మ పోలిక. ఉండండి, కారులో ఫ్లాస్కుంది, టీ తెస్తా.”

ఆయన బురద దులుపుకుంటూ గేటు వైపు వెళ్ళాడు. హెస్టర్‌కి గుండె మీంచి రాయి దించినట్టైంది. లెన్స్ విప్పి తన కెమెరాకు తగిలించుకుని, ఊరికే, సంతోషం కొద్దీ, కంచె వెంబడి నడిచింది. అక్కడ గడ్డి కోయకుండా వదిలేశారు, పొడుగ్గా ఉంది.

ఒక పరక కొసన, అన్నిటికంటే ఎత్తున, ఇంకో ఈగ కనిపించింది. పసుపుపచ్చగా ఉంది, రెక్కలు రెండూ పైకెత్తి ఉన్నాయి. అచ్చం తన ఫోటోలో ఉన్నట్టే ఉంది.

చూశారా జడ్జిగారూ అనుకుంది హెస్టర్, బతికున్న ఈగ రెక్కలెత్తదన్నారు. క్లిప్పు పెట్టి, మోకాలు నేలకానించి, ఊగి, తీసింది. బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. మూడోది తీస్తుండగా మంచుబొట్లు ఆరిపోవడం అద్దంలో కనిపించింది. ఎండ దాని మీద పూర్తిగా పడింది. చుట్టుపక్కల గడ్డిలోంచి మిగతా ఈగలు లేచి పేడ వైపు పోతున్నాయి. ఇది మాత్రం కళ్ళు తుడుచుకోలేదు.

హెస్టర్ మెల్లగా ఊదింది. రెక్కలు ఊగాయి గాని కాలు కదల్లేదు. ఎండుపరకతో ముట్టింది. ఈగ ఊగి, మళ్ళీ తన చోటికే వచ్చింది. మూతి పరకకు అతుక్కుని ఉంది.

మళ్ళీ కన్ను పెట్టి ఈసారి మొహం వదిలేసి పొట్ట వైపు జరిగింది. పొట్ట ఉబ్బి ఉంది. పొర పొరకూ మధ్య తెల్లటి చారలు. మంచు ఆరిపోయినా ఆ తెలుపు ఆరలేదు. పిండి చల్లినట్టు కింద ఆకు మీద కూడా ఉంది.

“పంచదార ఎంత?” అని గేటు దగ్గర్నించి రోలండ్ అరిచాడు.

“వద్దు,” అంది హెస్టర్. ఇంకేమీ అనలేదు. టీ తాగుతున్నంతసేపూ ఆయన తన ఫోటోనే చూసుకున్నాడు. ఆవిడ కంచె వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. ఇంకా రూఢిగా తెలియదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఆ సర్దిచెప్పుకోవడం ఆవిడకే నచ్చలేదు.

ఇంటికి రాగానే పాత ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసింది. మంచు మెరుపనుకున్నది మంచు కాదు. పొట్ట మీద అవే తెల్ల చారలు, అలాగే అతుక్కున్న మూతి. ఎంతసేపూ కళ్ళు చూసి మురిసిపోయింది గాని పొట్ట వంక చూడనే లేదు.

వెతికితే సంగతంతా దొరికింది. ఈగలకు పట్టే ఒక బూజు ఉంది. అది ఒంట్లో చేరాక ఈగ ఒక సాయంత్రం దొరికినంత ఎత్తుకు ఎక్కుతుంది, మూతిని పరకకు అతికించుకుంటుంది, రెక్కలెత్తి చచ్చిపోతుంది. బూజు పొట్టలోంచి బయటకు పొడుచుకొచ్చి, కింద తిరిగే ఈగల మీద పొడి రాలుస్తుంది. రెక్కలు అడ్డం రాకుండా ఉండటానికే ఆ ఎత్తడం.

ఎండ కోసం అని పేరు పెట్టింది తను. ఆ ఈగకు ఎండతో పనైపోయి అప్పటికే ఒక రాత్రి గడిచింది.

మోయిరాకి మంగళవారం చెప్పింది. క్లబ్బులో టీ, బిస్కెట్లు చూసుకునే మోయిరా ఆవిడకు చిన్ననాటి నుంచీ స్నేహితురాలు. వంటింట్లో బంగాళదుంపలు చెక్కుతూ అంతా వింది, కత్తి ఆపకుండానే.

“నువ్వు చంపావా?”

“లేదు.”

“ఫ్రిజ్‌లో పెట్టావా?”

“లేదన్నానుగా.”

“మరింకేంటే నీ బాధ? అది బూజు పట్టి చచ్చింది, పాపం. నీకేం తెలుసు? రోలండే ఒప్పుకున్నాడు. ఇప్పుడు నువ్వెళ్ళి చచ్చిన ఈగండోయ్ అన్నావనుకో, ‘చూశారా, అప్పుడే చెప్పాం’ అంటారు. బూజు గీజు ఎవడు వింటాడు? ఫ్రిజ్ ఒక్కటే గుర్తుంటుంది.”

“అదీ నిజమే.”

“దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నువ్వు దొంగవీ కావు, దొరకనూ లేదు. నోరు మూసుకుని కప్పు తెచ్చుకో. ఏడాదిపాటు మీ ముందుగదిలో పెట్టుకుని పూలు గుచ్చుకో.”

హెస్టర్ ఒక బంగాళదుంప తీసుకుని ఉత్తినే తిప్పుతూ కూర్చుంది. మోయిరా చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఊళ్ళో అందరూ నమ్మబోతున్నారు, ఆ నమ్మకమే కదా తనకు కావలసింది. వెయిటింగ్ రూమ్‌లో ఆ తల్లి కూడా నోరు మూసుకుంటుంది. నిజం చెబితే మళ్ళీ నోరు తెరుస్తుంది. నిజం చెప్పడానికి భయపడటం హెస్టర్‌కి కొత్త. ఆ కొత్తదనం ఆవిడకు అసహ్యంగా ఉంది.

“శుక్రవారం ఒకణ్ణి ఫెయిల్ చేశానే,” అంది చివరికి. “అద్దం చూడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అన్నాడు.”

మోయిరా కత్తి ఆపింది. స్నేహితురాలి మొహం చూసి నిట్టూర్చి, మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది. “నీతో పడలేం,” అంది. “ఆ దుంప ఇలా ఇవ్వు.”

గురువారం హాలు ఎన్నడూ లేనంత నిండింది. ఫోటోల మీద ప్రేమతో కాదు. రోలండ్ ముందు బల్ల మీద ప్రకృతి కప్పు మెరుస్తోంది, ఆయనే తుడిచి తెచ్చినట్టున్నాడు.

“జడ్జిగారి అనుమానం విషయంలో,” అని ఇళ్ళు అమ్మే గొంతుతో మొదలుపెట్టాడు, “నేను స్వయంగా వెళ్ళి చూశాను. బురదలో పడుకున్నాను. మా ఆవిడ ఆ ప్యాంటు పారేసింది. తిరగేసిన లెన్స్‌తో నా చేత్తో తీశాను. ఈగ లేచి ఎగిరిపోవడం కళ్ళారా చూశాను. హెస్టర్ గారి మాటలో అబద్ధం లేదు. అనుమానించినందుకు క్లబ్బు తరఫున క్షమాపణ. కప్పు ఆవిడదే.”

చప్పట్లు మొదలయ్యాయి. హెస్టర్ లేచి ముందుకు నడిచింది. కప్పు వైపు కాదు, గోడకున్న తెర వైపు. చేతిలో ఉన్న చిన్న పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కి తగిలించింది. చప్పట్లు ఒక్కొక్కరివీ ఆగిపోయాయి.

“నా మాటలో అబద్ధం లేదు, నిజమే,” అంది. “తప్పుంది. జడ్జిగారే కరెక్టు. ఆ ఈగ చచ్చింది.”

రోలండ్ తెర వైపు తిరిగాడు.

“నేను చంపలేదు. నేను తీసే ముందురోజు సాయంత్రమే చచ్చిపోయింది. ఆదివారం రోలండ్ గారు టీ తేవడానికి వెళ్ళినప్పుడు ఇలాంటిదే ఇంకోటి దొరికింది. ఇదిగో.” తెర మీద పొట్ట కనిపించింది. గోడంత ఉబ్బిన పొట్ట, పొరల మధ్య నుంచి పొడుచుకొచ్చిన తెల్లని బూజు, దాని చివర్ల మీద పొడి. ముందు వరసలో ఒకావిడ మొహం తిప్పుకుని, ఆపుకోలేక మళ్ళీ చూసింది. బూజు ఈగను ఎలా ఎక్కిస్తుందో, ఎలా అతికిస్తుందో, రెక్కలెందుకు ఎత్తిస్తుందో హెస్టర్ చెప్పింది. పరీక్ష అయ్యాక చెప్పినట్టే, గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “మీరు నన్ను ఆదివారమే అడిగుంటే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు. నాలుగురోజులు మీ ముందు నోరు మూసుకునే ఉన్నా. ప్రాణి బతికుండాలని నియమం. బతికి లేదు. కాబట్టి ఫెయిల్. ఎందుకు చచ్చిందో నియమంలో లేదు.”

“కాని మీకు తెలియదు కదండీ,” అన్నారెవరో వెనక నుంచి.

“నేను చూడలేదు. అందుకే తెలియలేదు.”

కమిటీ వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కార్యదర్శి గొంతు సవరించుకుని, అలాగైతే రెండో స్థానానికి కప్పు వెళ్ళాలని, అంటే రోలండ్ గారి ఎర్ర ఉడుతకని అన్నాడు. మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి, ఈసారి కొంచెం అనుమానంగా.

రోలండ్ కప్పు అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని కాసేపు దాని అడుగు చూశాడు. తెర మీద బూజు ఇంకా అలాగే ఉంది. హెస్టర్ ఆయన్ని చూస్తోంది, పక్క సీట్లోంచి చూసినట్టే, ఏమీ అడగకుండా.

“ఆ ఉడుత,” అన్నాడు రోలండ్. ఇళ్ళు అమ్మే గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. “అది కూర్చున్న మొద్దు వెనకాల వేరుసెనగపప్పులు పెట్టాను. అందరూ పెడతారు. లేకపోతే ఉడుత అటు ఎందుకు చూస్తుందండీ?” కప్పును బల్ల మీద పెట్టేశాడు. “అందరూ పెడతారు,” అని మళ్ళీ అన్నాడు, మొదటిసారి కంటే మెల్లగా.

కార్యదర్శి చేతిలో కాగితం వైపు చూసి, మూడో స్థానం ఎవరిదో చదవబోయాడు. గుడ్లగూబ ఫోటో పెట్టిన పెద్దాయన వెంటనే, “నన్నెవరూ ఏమీ అడక్కండి, ముందే చెబుతున్నా,” అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో పోయిన గురువారం నుంచి పేరుకున్నదేదో కరిగిపోయింది. హెస్టర్ కూడా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

ఆ ఏడాది ప్రకృతి కప్పు ఎవరికీ ఇవ్వలేదు. టీ వేళకు హెస్టర్ చుట్టూ జనం మూగారు. ఒకాయన జేబులోంచి తాతల నాటి లెన్స్ తీశాడు, ఇది తిరగేయొచ్చా అని. ఒకావిడ చిప్స్ డబ్బా ఏ రుచిదైనా పనికొస్తుందా అని అడిగింది. రోలండ్ అయితే మూల బల్ల దగ్గర నలుగురిని కూర్చోబెట్టి, “ఫోకస్ తిప్పకూడదు, మీరే ఊగాలి,” అని చెబుతున్నాడు, కనిపెట్టింది తనే అన్నట్టు. పరీక్ష ఫెయిలయిన కుర్రాడి తల్లి కూడా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎందుకొచ్చిందో చెప్పలేదు. హెస్టర్ చూడగానే తల ఊపింది, అంతే.

మోయిరా కేటిల్ తెస్తూ చుట్టూ చూసింది. చెంచాలు పెట్టుకోవడానికి గ్లాసు కనిపించలేదు. ఊరికే పడున్న వెండి కప్పు కనిపించింది. చెంచాలన్నీ అందులో గలగలమని వేసి టీ బల్ల మధ్యలో పెట్టింది.

హెస్టర్ చెయ్యి చాపి, ఆ కప్పులోంచి ఒక చెంచా తీసుకుని, టీ కలుపుకుంది.